సొట్ట గ్లాసు అచ్చు

తెల్లవారగానే శాంతాదేవి చెయ్యి వంటింటి అరలో ఎడమ మూలకు పోతుంది. అక్కడ ఏమీ తగలదు. అప్పుడు గుర్తొచ్చి, పక్కనున్న గాజు కప్పు తీసుకుని పాలు లేని కాఫీ పోసుకుంటుంది. మలేషియా ఊరు సుంగై సిపుట్‌లోని ఆ చిన్న ఇంట్లో రోజూ ఇదే తంతు.

ఆ మూలన ఉండాల్సింది ఒక ఇత్తడి గ్లాసు. రబ్బరు తోటలో పాలు గీసిన వాళ్ళమ్మ నూకమ్మది. ఎప్పుడో కిందపడి అడుగున నెలవంకలా సొట్ట పోయింది. శాంతాదేవి కాఫీ తాగేదీ దాంతోనే, కొలాచెలకు గుంట నొక్కేదీ దాంతోనే.

కొలాచె చెక్ దేశపు రొట్టె. అరచేతిలో ఇముడుతుంది. పులిసిన మైదా ఉండను గ్లాసు అడుగుతో మధ్యలో నొక్కి, ఆ గుంటలో తీపి ముద్ద పెట్టి, వెన్నా చక్కెరా పిండీ కలిపి నలిపిన పొడి పైన చల్లి కాలుస్తారు. దగ్గర్లోని ఇపో పట్నంలో హానా అనే చెక్ దొరసాని ఇంట్లో ఆరేళ్ళు వంట చేసినప్పుడు శాంతాదేవి నేర్చుకుంది. మొదటిరోజు ఆవిడ గసగసాలు నూరి పాలల్లో ఉడికిస్తుంటే, మన కుర్మాలోవి ఆ దేశం ఎప్పుడు వెళ్ళాయని నవ్వుకుంది.

హానా తన దేశం వెళ్ళిపోయాక, ఒక శ్రీరామనవమికి శాంతాదేవి గుడ్డు వెయ్యకుండా, గసగసాల్లో బెల్లం కలిపి ఒక పళ్ళెం చేసి ఇపోలోని గుడికి పట్టుకెళ్ళింది. పిల్లలు వాటికి గుంట రొట్టెలని పేరు పెట్టారు. ఆనాటి నుంచి పదకొండేళ్ళు పానకం బిందె పక్కన ఆమె పళ్ళెమే. భర్త పోయాడు, పిల్లలు లేరు. సంవత్సరంలో ఆ ఒక్క రోజు మాత్రం "శాంతక్క ఇంకా రాలేదా?" అని జనం గుమ్మం వైపు చూసేవారు.

కరోనాకు ఊరంతా మూతబడ్డ ఏడు ఈస్టు దొరకలేదు. పక్కింటి కాంతయ్య తన కొబ్బరిచెట్టు కల్లు గిన్నెడు ఇచ్చాడు. తోటల్లో అప్పాల పిండి పులియడానికి పోసేవాళ్ళు కదా అని పోసి చూసింది. రొట్టె దూదిలా వచ్చింది. ఈస్టు మళ్ళీ దొరికినా ఆమె కల్లు మానలేదు. గుడి పళ్ళేనికీ అదే. పొయ్యిలో కాలాక కల్లేముంటుందని మనసుకు సర్దిచెప్పుకుంది కానీ, బయట ఎవరికీ చెప్పలేదు. ఒక్క పునితకు చెప్పింది.

పునిత చెల్లెలి కూతురు. శనివారం శనివారం ఇపో నుంచి వచ్చి పిండి పిసకడం నేర్చుకునేది.

"పెద్దమ్మా, ఎలాగ ఇంత సాఫ్ట్?"

"కల్లే. ఎవల్తోనూ అనీకు."

"అయ్యో! దేవుడికి కూడానా?"

"దేవుడికి తెలీనిదేటే. గుడి సంఘం జయమణికి తెలీకుంటే సాలు."

పునిత పడిపడి నవ్వింది. "నేనెందుకు సెప్తాను లా!" అంది, మలేషియా వాళ్ళ అలవాటుగా చివర 'లా' కలిపి. వెళ్తూ వెళ్తూ, ఇంట్లో చేసి చూసుకుంటానని గ్లాసు అడిగింది. శాంతాదేవి దాన్ని తుడిచి, గుడ్డలో చుట్టి మరీ ఇచ్చింది.

నవమి వారంలోకి వచ్చింది. గుడిలో ఆడవాళ్ళ సంఘం చూసే జయమణి ఫోన్ చేసింది.

"శాంతక్కా, ఈ యేడు నువ్వు రొట్టెలు తేవద్దు."

"ఏటే, ఏమైనాది?"

"కల్లు పోస్తన్నావంట కదా. దేవుడి ముందర పెట్టేదేటి అక్కా అది?"

"ఎవలు సెప్పినారు?"

"మీ పునితే. పాపం, ఏడుస్తా సెప్పినాది. నీ పరువు పోకుండా ఆ పిల్లే రొట్టెలు సేసి తెస్తాదంట."



నవమినాడు బస్సెక్కి వెళ్ళి వరసలో చివర నిలబడింది. పళ్ళెం దగ్గర పట్టుచీరలో పునిత పంచుతోంది. "పెద్దమ్మా, వచ్చినావా!" అంటూ మొహం చూడకుండా ఒక రొట్టె చేతిలో పెట్టింది.

స్తంభం పక్కన కూర్చుని శాంతాదేవి వేలితో గసగసాల ముద్ద పక్కకు తీసింది. గుంట అడుగున నెలవంక ఉంది. కొరికింది. దూది. తీపి వెనకాల సన్నటి పులుపు. అది ఈస్టు పులుపు కాదు.

ముందు నవ్వొచ్చింది. తర్వాత, తన పళ్ళెం ఆపించిందీ ఈ కల్లే కదా అనుకుంది.

జయమణి వచ్చి పక్కన నిలబడింది. "ఎలాగున్నాది అక్కా? నీ సేతికి తీసిపోలేదు కదా?"

పళ్ళెం దగ్గర పునిత చెయ్యి ఆగిపోయింది. చుట్టూ పిల్లలు మూతులకు పొడి అంటించుకుని తింటున్నారు. ఒక్క మాట అంటే వాళ్ళ చేతుల్లోంచి లాగేస్తారు. గుంట రొట్టె ఇంక ఏ ఏడూ ఆ గడప తొక్కదు.

"మా ఇంటి రుచే," అంది శాంతాదేవి. మిగతాది కూడా తిని చెయ్యి కడుక్కుంది.

చెప్పుల దగ్గరకి పునిత పరుగున వచ్చింది. "పెద్దమ్మా, గ్లాసు వచ్చే వారం తెస్తాను లా."

"కాంతయ్య ఇంట్లో ఇచ్చేసి ఎల్లు. నా గుమ్మం ఎక్కకు."

అది జరిగి రెండేళ్ళు. శాంతాదేవి శనివారాలు ఇప్పటికీ కొలాచెలు కాలుస్తుంది, ఈస్టు వేసే. గుంటలు బొటనవేలితో నొక్కుతుంది. గ్లాసు ఇంకా రాలేదు.