ఉత్త వరమ్మ

మా రేవుపల్లె మిషన్ పేటలో ఎవరైనా నడివీధిలో నిలబడి "వరమ్మా!" అని పిలిస్తే నాలుగు గుమ్మాల్లోంచి నాలుగు తలలు బయటికొచ్చేవి. మా తాతల కాలంలో జమ్మలమడుగు నుంచి నడిచి వచ్చి ఆడవాళ్లకు అక్షరాలూ వాక్యమూ నేర్పిన బైబిలమ్మ పేరు వరమ్మ. కరువు సంవత్సరాల్లో తన వాటా గంజి కూడా పిల్లలకు పోసి పస్తులున్న మనిషి. ఆమె పోయాక పేటలో చాలాకాలం పుట్టిన ఆడపిల్లలకు ఆ పేరే పెట్టారు. పక్కింటి పిల్లకు ముందే పెట్టేశారు కదా అని ఏ తల్లీ వెనక్కు తగ్గలేదు. పాస్టరుగారు కూడా అడ్డు చెప్పలేదు. బాప్తిస్మపు నీళ్లు చల్లడం వరకే ఆయన పని, తర్వాత పిలుచుకునే అవస్థ మాది.

అందుకని పేరుకు ముందు ఒక ముక్క తగిలించుకున్నాం. ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఆమె నర్సు వరమ్మ. పేటలోనే కాదు, ఊళ్లో సగం మందిని ఆమె చేతులే లోకంలోకి తెచ్చాయి. ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పే ఆమె టీచరు వరమ్మ. ఆమె సెలవులకు వస్తే మా వీధి పిల్లలు ఎక్కాలకు భయపడి పెన్న ఇసుకలోకి పారిపోయేవారు. మూడో ఆమె పాటల వరమ్మ. క్రిస్మస్ ఆరాధనలో ఆమె గొంతెత్తితే పై వీధి వాళ్లు కూడా మిద్దెల మీదికెక్కి వినేవారు.

నాలుగో వరమ్మకు తగిలించడానికి ఏమీ దొరకలేదు. పత్తి ఏరుతుంది, శనగ పీకుతుంది, శనివారం చర్చి ఊడుస్తుంది. అవన్నీ అందరూ చేసేవే. "ఏ వరమ్మ?" అని ఎవరైనా అడిగితే "ఉత్త వరమ్మలే" అనేవాళ్లం. ఆమె ఉన్నప్పుడు కూడా అలాగే అనేవాళ్లం. ఆమె నవ్వేది.

ఒకసారి పులివెందుల నుంచి నర్సు వరమ్మ చెల్లెలు చీనీకాయల గంప పంపింది. బస్సు కండక్టరు దాన్ని ఉత్త వరమ్మ గడపలో దించి, రైట్ రైట్ అని వెళ్లిపోయాడు. ఆమె గంప నెత్తిన పెట్టుకుని నర్సు ఇంటికి మోసుకుపోయి, పదిమంది ఉన్నారని కూడా చూడకుండా చెప్పింది.

"అక్కా, ఇవి నీవి. ఒకటి నేను తిన్యా. ఇంకోటి మా దేవపాలు తిన్యాడు."

"తింటే తింటివి. బాగుండాయా?"

"శానా తియ్యగుండాయి. అందుకే బిరీన తెచ్చిన, ఇంకా సేపుంటే మిగలవు."

దేవపాలు ఆమె ఒక్కగానొక్క కొడుకు. అడ్డం తిరిగిన కాన్పు. నర్సు వరమ్మ తెల్లవార్లూ కష్టపడి తల్లినీ పిల్లవాణ్నీ దక్కించింది. తండ్రి నాపరాయి గనుల్లో దుమ్ము మింగి మింగి, కొడుక్కి మీసాలు రాకముందే పోయాడు. పిల్లవాడు డ్రైవింగు నేర్చుకుని, పైమేడ రెడ్డి జీపు ఎక్కాడు.

ఇక్కడ మా ఊరి రాజకీయం కొంచెం చెప్పాలి. పైమేడ ఒక పార్టీ, కిందిమేడ ఇంకో పార్టీ. పైమేడ వాళ్లు పార్టీ మారితే కిందిమేడ వాళ్లూ ఆ వారంలోనే మారేవారు. ఒకే జెండా కింద ఇద్దరూ నిలబడడం కుదరదు కదా. జెండాలు మారాయి గానీ పగ మారలేదు. రెండు మేడల మధ్యా ఎన్ని సమాధులు లేచాయో చెప్పుకోవడం మా ఊళ్లో మర్యాద కాదు. జీపు మీద బాంబు వేసేది రెడ్డి కోసమే. కానీ జీపు ఆగాలంటే ముందు పోవలసింది డ్రైవరు. ఈ సంగతి ఊళ్లో ప్రతి తల్లికీ తెలుసు. అయినా రెడ్డి పక్కన కూర్చుని పోయే కొడుకును చూసి మురిసిపోని తల్లి కూడా లేదు. ఉత్త వరమ్మ ఒక్కతే మురిసిపోలేదు. జీపు ఊరు దాటినప్పటినుంచి మళ్లీ దాని హారను వినిపించేదాకా ఆమె కంచం ముందు కూర్చునేది కాదు.

తొంభై ఐదులో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్లకు వచ్చింది. పైమేడ రెడ్డి తన కోడలు లక్ష్మీదేవమ్మను నిలబెట్టాడు. కిందిమేడ వాళ్లు తెలివిగా నర్సు వరమ్మ కాళ్లావేళ్లా పడి ఒప్పించారు. ఆమెకు పేట ఓటు పడుతుంది, గొల్లవీధి ఓటు పడుతుంది, పైమేడ వాళ్ల సొంత వీధిలో కూడా ఆమె బొడ్డుకోసిన వాళ్లున్నారు. ఓడిపోవడం ఖాయమని తెలిసి రెడ్డి పాత మందు బయటికి తీశాడు. అదే పేరున్న మనిషిని ఇంకొకరిని బరిలోకి దించితే ఓట్లు చీలతాయి. మా పేటలో ఆ పేరుకు కరువా?

ముందు పాటల వరమ్మకు కబురు వెళ్లింది. ఆమెకు అప్పటికప్పుడు మోకాళ్ల నొప్పి పుట్టి, ఆ సాయంత్రమే కలమల్లలో కరెంటు ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఉండే కూతురింటికి బస్సెక్కింది. కుంటకుండానే ఎక్కిందని చూసినవాళ్లు చెప్పారు. టీచరు వరమ్మ సర్కారు ఉద్యోగి, నిలబడకూడదు. మిగిలింది ఒక్కతే.

"ఏం వరమ్మా, సర్పంచి అవుతావా?" అన్నాడు రెడ్డి వసారాలో కూర్చుని.

"ఎగతాళి చేస్తాండావా రెడ్డీ?"

"ఎగతాళి ఏంది మే. నామినేషనేసి ఇంట్లో కూచ్చో. గెలవాల్సిన పని ల్యా, తిరగాల్సిన పని ల్యా."

"అక్క మీద నేనెట్ల నిలబడేది? నా కొడుకును బతికిచ్చిన చెయ్యది."

"సరే, నిలబడొద్దు."

"నిలబడకపోతే ఏంజేస్తావు?"

"నేనేం చేస్తా? నీ కొడుకు నా జీపులో ఉండాడు. ఉంటాడు. అంతే కదా."

ఆమె ఆ వసారాలో ఎప్పుడూ ఎవరూ చేయని పని చేసింది, బేరం పెట్టింది.

"వాన్ని జీపు దించు. ఎర్రగుంట్లలో నీ సిమెంటు లారీలుండాయి కదా, ఒకదాని మీద పెట్టు. నిలబడతా."

రెడ్డి నవ్వాడు. "ఓసి నీ! నువ్వు నిజంగానే సర్పంచివి అయ్యేదానివే."

నామినేషన్ రోజు ఆమెకు ప్రొద్దుటూరు నుంచి కొత్త చీర వచ్చింది. దాని మడతలు ఆమె మాట వినలేదు. మండలాఫీసు వరండాలో ఇద్దరు వరమ్మలూ ఒకే బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. ఉత్త వరమ్మ కుచ్చెళ్లు జారిపోతుంటే నర్సు వరమ్మే తన రవికెలోని పిన్నీసు తీసి, ఎదుటి పార్టీ మనిషి కుచ్చెళ్లు సర్ది, గుచ్చింది. తర్వాత గుర్తులు పంచినప్పుడు నర్సుకు కత్తెర వచ్చింది. ఈమెకు ఉంగరం.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నారు. "ప్రభువా, ఎన్నికల్లో నిలబడిన నీ బిడ్డ వరమ్మను..." అని ఆగి, ఒక కన్ను తెరిచారు. ఆడవాళ్ల వైపు ముందు వరుసలో ఒక వరమ్మ, గోడ పక్కన ఒక వరమ్మ. "...వరమ్మలను, నీ చిత్తము చొప్పున..." అని అక్కడినుంచి గబగబా వర్షాల కోసం ప్రార్థనలోకి దిగిపోయారు. పిల్లలు కిసుక్కున నవ్వారు. నర్సు వరమ్మ కూడా నవ్వు ఆపుకుంది. ఉత్త వరమ్మ మాత్రం ముసుగు దించుకుని, చర్చి ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు.

పేటలో ఎవరూ మోసపోరు. పైమేడ వాళ్లకు అది తెలుసు. అందుకే వాళ్ల మనుషులు గొల్లవీధిలో తిరిగారు. "వరమ్మ గుర్తు ఉంగరం, మర్చిపోవద్దు" అని ఇంటింటికీ చెప్పారు. ఇంకో వరమ్మ కూడా నిలబడిందని గొల్లవీధి మునెమ్మకు తెలియదు గానీ, గుర్తు మీద అనుమానం వచ్చింది. ఆమె కొడుకు వీరన్న పుట్టినప్పుడు పురుడు పోసిందీ నర్సు వరమ్మే. గొర్రెల్ని తోలుకుపోతూ, శనగ చేలో కనబడిన ఉత్త వరమ్మను అడిగింది.

"మే, వరమ్మ గుర్తు ఉంగరమంటాండారు, నిజమేనా?"

ఉత్త వరమ్మ చేతిలో పీకిన శనగ చెట్టు అలాగే ఉంది. ఏ వరమ్మదని అడిగితే సరిపోయేది. అడిగితే గొల్లవీధి అంతా కత్తెరకు పోతుంది, కొడుకు మళ్లీ జీపెక్కుతాడు.

"నిజమే" అంది.

పైమేడ కోడలు కొద్ది ఓట్లతో గెలిచింది. ఉంగరానికి పడిన ఓట్లు కత్తెరకు పడి ఉంటే నర్సు వరమ్మ గెలిచేది. ఈ లెక్కకు టీచరు వరమ్మ అక్కర్లేదు. గెలిచిన సర్పంచమ్మ ఐదేళ్లూ గడప దాటలేదు. దేవపాలు సిమెంటు లారీ ఎక్కాడు. పేట ఆడవాళ్లు ఉత్త వరమ్మను కుళాయి దగ్గర పలకరించడం మానేశారు. ఆమె చెంబు నిండేదాకా మాత్రం అందరూ కాస్త పక్కకు జరిగి నిలబడేవారు. మా పేటలో వెలి కూడా అంత మర్యాదగా ఉంటుంది. నర్సు వరమ్మ ఒక్కతే ఏమీ మారలేదు. "నిలబడినదానికి ఏదో కారణముంటాది. నా ఎదురుగా వచ్చి చెప్పేదాకా అడగను" అనేది.

జీపు ఖాళీగా ఉండదు. కొత్త డ్రైవరుగా వచ్చింది మునెమ్మ కొడుకు వీరన్న. గొర్రెల కంటే గేర్లు బాగా నచ్చాయి వాడికి. మునెమ్మ ఉత్త వరమ్మను వెతుక్కుంటూ వచ్చి మరీ చెప్పింది.

"చూసినావా మే, నా కొడుకు రెడ్డి పక్కన కూచ్చోని పోతాండాడు. నీ కొడుకేందో సిమెంటు దుమ్ములో పడె."

ఉత్త వరమ్మ ఈసారి కూడా అసలు సంగతి చెప్పలేదు. "మంచిదక్కా" అంది.

చలికాలంలో ఒకరోజు రెడ్డి గండి ఆంజనేయస్వామికి మొక్కు తీర్చుకోవడానికి బయల్దేరి, దారిలో ఎవరో స్నేహితుడి కారెక్కాడు. జీపు వెనకాల వస్తోంది. వేంపల్లె చేరకముందే వంకర మలుపులో బాంబులు పడ్డాయి. రెడ్డి చొక్కాకు మసి కూడా అంటలేదు. వీరన్నను మధ్యాహ్నానికి దుప్పటిలో చుట్టి తెచ్చారు.

గొల్లవీధిలో ఊరంతా చేరింది. వీరన్న ముఖం తుడిచింది నర్సు వరమ్మే. బిడ్డ పుట్టినప్పుడు చేసినట్టే, ముందు కళ్లు, తర్వాత ముక్కు, చెవుల వెనక. ఉత్త వరమ్మ జనాన్ని తోసుకుని వచ్చి మునెమ్మ ఎదుట నేల మీద కూర్చుంది. రెడ్డి మనుషులు అక్కడే ఉన్నారు. ఆమె గొంతు తగ్గించలేదు.

"అక్కా, ఆ సీట్లో నా కొడుకుండాల. భయపడి నేనే దింపుకున్యా. అందుకే నర్సక్క మీద నిలబడిన. అందుకే నీకు ఉంగరమని చెప్తి."

పక్కనున్నవాళ్లు మునెమ్మ కొడుతుందేమో అనుకున్నారు. ఆమె కొట్టలేదు, తిట్టలేదు.

"నువ్వు దింపుకుంటివి, సరే" అంది. "నాకూ ఒక మాట చెప్పింటే నేనూ దింపుకునుండే దాన్ని కదమే."

నర్సు వరమ్మ తడిగుడ్డ పిండడం ఆపింది. తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. ఉత్త వరమ్మ తల పైకెత్తలేదు, అక్కడినుంచి లేవనూ లేదు. పొద్దు వాలాక గొర్రెలు వాటంతట అవే ఇల్లు చేరి అరుస్తుంటే, ఎవరూ చెప్పకుండానే లేచి దొడ్డి తలుపు తీసింది.

దేవపాలు లారీ ఉద్యోగం ఆ వారమే పోయింది. కూలికి పోతానని వాడంటే, "పో" అంది తల్లి.

రెండు నెలలకు రెడ్డి కొత్త జీపు కొన్నాడు. దానికి ప్రొద్దుటూరు నుంచి షంషుద్దీన్ అనే డ్రైవరును మాట్లాడినట్టు తెలిసింది. ఉత్త వరమ్మ తెల్లవారి బస్సుకు ప్రొద్దుటూరు పోయింది. షంషుద్దీన్ తల్లి ఖాతూన్‌బీ ఇల్లు వెతుక్కుని గడపలో కూర్చుంది.

"ఎవరమ్మా నువ్వు? ఏం కావాల?"

"ఏం వద్దు తల్లీ. మాది రేవుపల్లె. నీ కొడుకు కూచ్చోబోయే సీటు గురించి చెప్పిపోదామని వచ్చిన."

చెప్పింది. తన కొడుకును దించుకున్నదీ చెప్పింది, మునెమ్మకు చెప్పనిదీ చెప్పింది. ఖాతూన్‌బీ టీ ఇచ్చింది. షంషుద్దీన్ జీపెక్కలేదు.

తర్వాత ఎర్రగుంట్ల కుర్రవాడొకడు, ఆ తర్వాత పులివెందుల వైపు వాడొకడు. ప్రతిసారీ ఆమె బస్సెక్కి తల్లి ఇల్లు వెతుక్కునేది. రెండోసారి నుంచి మునెమ్మ కూడా వెంట పోయేది. దారిలో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరని బస్సులో చూసినవాళ్లు చెప్పేవారు. గడపలో కూర్చున్నాక మాత్రం ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకునేవారట. పైమేడ వాళ్లు ఆమెను బెదిరించలేదా అంటే బెదిరించారు. "ఆడోళ్ల దగ్గర ఆడోళ్లు మాట్లాడుకుంటాండాం రెడ్డీ, నీకేంది" అందట.

చివరికి డ్రైవరు దొరక్క రెడ్డే డ్రైవింగు నేర్చుకున్నాడు. ఆ వయసులో గేర్లు అంత తొందరగా రావు. మొదటి నెలలోనే జీపును వెనక్కు తీస్తూ చర్చి ప్రహరీ మూల కూల్చాడు. దిగి చూసుకుని, చుట్టూ చూసి, మళ్లీ జీపెక్కి వెళ్లిపోయాడు.

ఆ రోజు శనివారం కదా, ఉత్త వరమ్మ చర్చి ఊడుస్తోంది. బయటికొచ్చి, పడిపోయిన రాళ్లు ఒక పక్కకు పేర్చింది.