దరియాలతిప్పలో పక్కింటి పిల్ల

చప్పుళ్లు, స్పర్శ, వాసనలు భరించలేని పిల్లల్నీ పెద్దల్నీ ముందుగానే గుర్తించడానికి మా డాక్టరుగారు విదేశీ ప్రశ్నావళి ఒకటి తెలుగు చేశారు. ఎనభైల మధ్యలో, నేనాయన దగ్గర సహాయకుడిగా ఉన్నప్పటి సంగతి. దాన్ని ఎక్కడో ఒకచోట పరీక్షించాలి. యానాంలో ఆయన బావమరిది ఉన్నాడు, పైగా పులసల కాలం. శాస్త్రానికి ఇంతకన్నా అనువైన చోటేముంటుంది?

విశాఖలో తెల్లవారుజామున బయల్దేరి, సామర్లకోటలో రైలు దిగి, కాకినాడలో ఇడ్లీలు తిని యానాం బస్సెక్కాం. పక్క సీటాయన పనేమిటని అడిగాడు. పరీక్ష చేయడానికన్నాను. "బ్రాందీయా, విస్కీయాండీ?" అన్నాడు ఎంతో మర్యాదగా.

మర్నాడు పొద్దున్నే రిక్షాలో యానాం శివారు దరియాలతిప్ప బడికి వెళ్లాం. హెడ్మిస్ట్రెస్ గారు ముందే చెప్పేశారు. "సువార్త అనే పిల్ల సంగతి తేల్చండి. గంట కొడితే చాలు, చెవులు మూసుకుని ఒకటే అరుపులు. పొగరండి. మీ పరీక్షలో ఏమీ లేదంటే ఇవాళే పేరు కొట్టేస్తాను."

తల్లులందరినీ వరండాలో వరసగా కూర్చోబెట్టి డాక్టరుగారు ప్రశ్నలు చదివారు. "మీ బిడ్డ వాక్యూమ్ క్లీనర్ మోతకు బెదురుతుందా?"

"అది ఏ బోటుకి పెడతారండీ?" అందొకావిడ.

తర్వాత ఏది అడిగినా ఒకటే జవాబు: "మా పిల్ల బంగారమండి." ఇరుగుపొరుగు వింటుండగా కన్నబిడ్డకు వంక చెప్పే తల్లి ఎక్కడుంటుంది? సువార్త తల్లి కరుణమ్మ అందరికన్నా గట్టిగా చెప్పింది. పిల్లేమో ఆమె వెనకే చెవుల్లో వేళ్లు పెట్టుకుని నిలబడి ఉంది. డాక్టరుగారు మార్కులు కూడి, ఊళ్లో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదని తేల్చేశారు. హెడ్మిస్ట్రెస్ హాజరు పట్టీ తెరిచారు. నాకు ఒళ్లు మండింది.

కరుణమ్మ పక్కనున్నావిడని అడిగాను. "మీ పిల్ల సంగతి సరేనమ్మా, పక్కింటి పిల్ల ఎలాంటిది?"

"సువార్తాండీ? కొత్త గౌనేత్తే పీకి పారేత్తాదండి. ఉరిమితే మంచం కిందకి దూరిపోద్ది. పొగరు కాదండి, పాపం, వణికిపోద్ది."

ఇక గట్టు తెగినట్టయింది. ప్రతి తల్లీ పక్కింటి గుట్టు విప్పింది. డాక్టరుగారు కళ్లద్దాలు తుడుచుకుని, ఇది తమ 'పొరుగింటి పద్ధతి' అని సెలవిచ్చారు. అప్పటికప్పుడు తమదైపోయింది! హెడ్మిస్ట్రెస్ పట్టీ మూసి, సువార్తను గంటకు దూరంగా చివరి గదిలో కూర్చోబెడతానన్నారు.

పులస పులుసుతో భోంచేసి బస్టాండుకు వచ్చేసరికి కరుణమ్మ కాచుకుని ఉంది. పోట్లాటకే వచ్చిందనుకున్నాను.

"బళ్లోంచి తీసెయ్యరు కదండీ?"

"తీసెయ్యరమ్మా."

"నాకూ అంతేనండి, చిన్నప్పట్నించీ. పొగరని మా నాన్న చావగొట్టి బడి మానిపించేశాడు. పొగరు కాదని ఇయ్యాలే తెలిసిందండి."

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె అందరి ముందూ చెవులు మూసుకుంది.

బస్సు కదిలాక డాక్టరుగారు తేన్చి, "పెద్దల ప్రశ్నలు తీసేద్దామయ్యా. పెద్దవాళ్లకి ఇలాంటివి ఎందుకుంటాయి?" అన్నారు. యానాంలో పులస బాగుంటుంది, మనుషులు అంతకన్నా బాగుంటారు. నేను పెద్దల ప్రశ్నల కాగితం ఒకటి తీసి, పైన కరుణమ్మ అని రాశాను.