ఎర్రగా వస్తే భయపడొద్దు

ఆ చీటీ రాసింది నేనేనని ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీలో వాన గురించే రాసుకున్నాను.

తిరువళ్ళూరులో ఒక రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ఊత్తుకోటలో, కనకమ్మ సత్రంలో, తిరుత్తణిలో మాకు చిన్న శాఖలున్నాయి. అక్కడివాళ్లు రక్తం తీసి మాకు పంపుతారు, మా సర్వర్ తెరిచి రిపోర్టులు ప్రింటు తీసిస్తారు. ఆ సర్వర్‌కు సర్టిఫికేట్ కావలసి వచ్చినప్పుడు బయట తీసుకోకుండా నేనే తయారుచేశాను. సెల్ఫ్ సైన్డ్ అంటారు. నేను ఫలానా అని సర్వర్ తనకు తానే సంతకం పెట్టుకోవడం. దారిలో పోయే సమాచారం దాగుతుంది. కానీ అవతల ఉన్నది మన సర్వరేనని హామీ ఇచ్చే మూడో మనిషి ఉండడు. అందుకే బ్రౌజర్ ఎర్రగా హెచ్చరిక చూపిస్తుంది.

దానికి ఏం చెయ్యాలో నాకు తెలుసు. ప్రతి శాఖకూ వెళ్లి, ఒక్కో కంప్యూటర్‌లో ఆ సర్టిఫికేట్‌ను ఎక్కించాలి. అప్పుడు మన సర్వర్‌కు హెచ్చరిక రాదు, దొంగ పేజీ అయితేనే వస్తుంది. కానీ అందుకు పనిలో ఉన్నవాళ్లను కొంచెం లేస్తారా అని అడగాలి. వాళ్ల కుర్చీలో కూర్చోవాలి. అందరూ వెనక నిలబడి చూస్తారు. నావల్ల కాలేదు. బదులుగా చీటీలు రాశాను. మాటలు తెలుగువే, అక్షరాలు తమిళం. తమిళ బళ్లో చదివిన మావాళ్లకు అదే సులువు. ఎర్రగా వస్తే భయపడొద్దు, అడ్వాన్స్‌డ్ నొక్కు, తర్వాత ప్రొసీడ్ నొక్కు. కింద పేరు పెట్టలేదు. రక్తం సీసాలు తెచ్చిన పెట్టెలు తిరిగి పోయేటప్పుడు వాటిలో పెట్టి పంపేశాను.

తిరుత్తణి కౌంటర్‌లో ఉండే అక్క ఒక్కతే ఫోన్ చేసింది. "ఏం పాపా, దినామూ ఎవురు నువ్వని అడగతా ఉండాది ఈ ఎర్ర పేజీ, మా అత్త మాదిరి. నొక్కితే ఏమీ కాదు గదా?"

ఏమీ కాదక్కా అన్నాను. తొందరగా ఫోన్ పెట్టేయాలనే నా ఆత్రం.

ఏడాది పైగా అందరూ నొక్కుతూనే ఉన్నారు. తిరుత్తణిలో కౌంటర్‌కూ, వేచి ఉండే రోగులకూ ఒకటే వైఫై. ఎవరో అందులో చేరి మా పేజీలాంటిదే ఒకటి మధ్యలో నిలబెట్టారు. అక్కకు ఎర్రటి హెచ్చరిక వచ్చింది. రోజూ వచ్చేదే. రోజూలాగే నొక్కి, పాస్‌వర్డ్ కొట్టింది.

వారం తిరక్కుండా ఒకాయన ఫోన్ పట్టుకుని తిరువళ్ళూరుకే వచ్చాడు. వాళ్ల చెల్లెలి రిపోర్టు, ఆ పిల్ల ఇంట్లో ఇంకా చెప్పుకోనిది, వాళ్ల వీధిలో అందరి ఫోన్లలో తిరుగుతోంది. ఆయన అరవలేదు. ఆ పిల్ల నాలుగు రోజులుగా తలుపు తీయడం లేదని మాత్రం చెప్పాడు.

మా సార్ లాగ్ తీయమన్నారు. తీశాను. రిపోర్టు తెరిచింది అక్క పాస్‌వర్డ్‌తోనే, మాది కాని ఏదో కంప్యూటర్‌లోంచి. ఆ మాట పైకి చదివింది కూడా నేనే.

మరుసటి రోజు అక్కను పిలిపించారు. అంత పెద్ద హెచ్చరిక వస్తే కళ్లు కనపడలేదా, ఎవరు నొక్కమన్నారు అని సార్ తమిళంలో అడిగారు. నేను ఆ గదిలోనే, ప్రింటర్ పక్కన నిలబడి ఉన్నాను. అక్క నావైపు చూడలేదు. మొదట్నుంచీ అందరం అట్లే చేస్తున్నామని చెప్పింది. సార్ నన్ను అడిగారు, అలా నొక్కడం సరైనదేనా అని. కాదన్నాను. అది నిజమే. చీటీ మాట ఎత్తకుండా ప్రింటర్‌లో కాగితాలు సర్దాను.

అక్కను పనిలోంచి తీసేశారు. సాయంత్రం ఆమె కౌంటర్ తాళం, ఐడీ కార్డు నా బల్ల మీద పెట్టి, అందినట్టు నన్ను సంతకం చేయమంది. చేశాను. చెప్పేస్తానక్కా, ఇప్పుడే లోపలికి పోయి చెప్పేస్తాను అని నోటిదాకా వచ్చింది. తిరుత్తణి రైలుకు టైమైందని ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. కోపంగా లేదు, అలిసిపోయి ఉంది.

"నా సీట్లోకి వచ్చే పిల్లకైనా పక్కన కూసోని నేర్పియ్యి పాపా."