నకలు డిస్కుకి వేరే పేరు

మా ఆసుపత్రిలో మిషన్ల గది తలుపు ఎవరైనా తీస్తే చల్లగాలి వీపుకు తగులుతుంది. దాని వెనకే వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన. అప్పుడు భానుమతిగారు గుర్తొస్తారు. బిష్టుపూర్‌లోని ఈ ఆసుపత్రి కంప్యూటర్లలో దాచినదంతా ఆవిడ చేతి కిందే ఉండేది. ఈ ఊళ్లోనే టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగు మనిషి. నేను ఆ గది ఊడ్చేదాన్ని. నలభై దాటాక నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. డిస్కులకు అతికించే తెల్లచీటీలే నాకు పలక.

రోజూ తెల్లవారుతుండగా అసలు డిస్కులకు నకళ్లు తీసేవారు. వాటికి వేరే పేర్లు ఎందుకని ఒకసారి అడిగాను.

"మీ ఇంట్లో ఎంతమంది పైడితల్లులున్నారే?" అన్నారు.

"ముగ్గురమమ్మా. మా నాన్నమ్మ పేరు అందరికీ పెట్టీసినారు. పిలిత్తే ముగ్గురం వత్తాం. అందుకే నన్ను నల్లపైడి అంతారు."

ఆవిడ పకపకా నవ్వారు. "ఇదీ అంతేనే. నకలు తీత్తే పేరు కూడా నకలైపోతాది. మిషన్ పిలిత్తే రెండూ పలుకుతాయి. ఏది ఎవరో దానికేటి తెలుసు?"

ఒక రోజు మధ్యాహ్నం ఒక డిస్కు పాడైపోయింది. మూడు డిస్కులు కలిపి ఒక గుంపు. ప్రతి రిపోర్టూ ముక్కలై మూడింటిలోనూ ఉంటుంది. తెరలన్నీ ఆగిపోయాయి. పై వార్డులో నా కోడలు కడుపులో గడ్డ తీసే ఆపరేషన్‌కి సిద్ధంగా ఉంది. పొద్దుట చేసిన దాని రక్తపరీక్ష అందులోనే ఉంది.

మేనేజర్ పరుగున వచ్చి, "అరే మేడమ్, సుబహ్ కా నకల్ హై నా? ఏక్ లగా దీజియే!" అని అరిచాడు. పాడైనదాని స్థానంలో పొద్దుటి నకలు ఒకటి పెట్టేయమని. నేనూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "పెట్టీయండమ్మా, పిల్ల ఎదురుసూత్తంది."

"రెండు ఇప్పటివి, ఒకటి తెల్లారినప్పటిది. కలిపేత్తే ఒకరి రక్తం ఇంకొకరి కాగితంలోకి ఎల్తాది. నీ కోడలికి ఎవరి రక్తం ఎక్కించమంతావు, సెప్పు?"

నేను ఆవిడ చెయ్యి వదిలేశాను. మేనేజర్ తిడుతూనే ఉన్నాడు. ఆవిడ అసలు గుంపును పక్కన పెట్టి, మూడు నకళ్లనూ కలిపి, కొత్త పేరుతో వేరే గుంపుగా నిలబెట్టారు. తెరలు వెలిగేసరికి అన్నాల వేళ దాటింది. తెల్లవారిన తర్వాతి రిపోర్టులు మాత్రం లేవు. నా కోడలిదీ లేదు.

"ఇంతసేపు కూకోబెట్టి ఇదేటమ్మా!" అని ఏడ్చాను.

ఆవిడ నా భుజం పట్టుకుని వార్డుకి నడిపించారు. నర్సుతో మళ్లీ రక్తం తీయించారు. "నీ పేరేటమ్మా? పెనిమిటి పేరు?" అని కోడలినే అడిగి, సీసా మీద చీటీ అంటించేదాకా అక్కడే నిలబడ్డారు. సాయంత్రం ఆపరేషన్ అయింది. పిల్ల క్షేమంగా ఇంటికొచ్చింది.

భానుమతిగారు ఇప్పుడు లేరు. చదవడం వచ్చాక ఆసుపత్రివాళ్లు నన్ను రిపోర్టుల కౌంటర్లో కూర్చోబెట్టారు. వరుస పెరిగిపోతుంటే, "జల్దీ దో ఆంటీ, కాగజ్ తో హాథ్ మే హీ హై!" అని నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు. నిజమే, కాగితం నా చేతిలోనే ఉంటుంది. అది ఎవరిదో వాళ్ల నోట వినేదాకా వదలను.