మా బడి గదిలో దొరల కారు

నలభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. పొద్దున్నే రేవులో చేపలు ఎత్తుకుని, సీతమ్మధార వీధుల్లో తిరిగి అమ్మి, మధ్యాహ్నానికి మా జాలర్ల పేటకి వచ్చి, స్నానం చేసి పలక పట్టుకునేదాన్ని. బడి అంటే ఒక సేవా సంఘం వాళ్ళు సముద్రం ఒడ్డున కట్టించిన రేకుల గది. పేటలో ఇసక ఎగరని చోటు అదొక్కటే. మా అన్న భార్య, అంటే మా వదిన, నేను, ఇంకొందరు ఆడవాళ్ళు అందులో చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. గుణింతాలు అయిపోయి ఒత్తుల్లోకి వచ్చాం. అది తొంభైల చివర.

అప్పుడు మా బడికి ఒక కారు దానంగా వచ్చింది.

ఇచ్చినాయన పోర్టులో ఓడల ఏజెంటు. ఎప్పుడో ఒక ఇంగ్లీషు దొర తన దేశం వెళ్ళిపోతూ ఈయన మామగారికి వదిలిపెట్టిన కారట. ఎర్ర రంగు, పొడుగాటి ముక్కు, రెండే సీట్లు. పైన ఉండాల్సిన గుడ్డ కప్పుని ఎలకలు తినేశాయి. ఇంగ్లండులో ఇలాంటి వాటిని పందాల్లో పరిగెత్తించేవారని ఆయన మైకులో చెప్పాడు. మా పేటకి మాత్రం అది లారీ ఎక్కి వచ్చింది. దించడానికి మా మగవాళ్ళు తాళ్ళు కట్టి లాగారు. ఆయన దండ వేయించుకుని, ముక్కు మీద చెయ్యి పెట్టి ఫోటో దిగాడు. కారు ముక్కు మీద.

"ఇది నడవదా వదినా?" అని మెల్లగా అడిగాను.

"నడిస్తే మనకెందుకిత్తాడే? ఆళ్ళింటికాడ కొత్త కారుకి జాగా సాల్లేదంట. ఆళ్ళ పనమ్మాయి సెప్పింది," అంది మా వదిన.

సంఘం నడిపే మేడం దాన్ని అమ్మేసి ఆ డబ్బుతో బడికి బల్లలు కొందామనుకుంది. ఆయన ఒప్పుకోలేదు. ఇలాంటి కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు పెద్ద పెద్ద ఊళ్ళలో ఉంటారు, వాళ్ళని నేనే తీసుకొస్తాను, అంతవరకు ఉప్పుగాలి తగలకుండా జాగ్రత్త చెయ్యండి అన్నాడు. ఉప్పుగాలి తగలని చోటు మా పేటలో ఏముంది? మా గదే. గుమ్మంలోంచి కారు పట్టలేదు. గోడ పగలగొట్టి, షట్టరు పెట్టించి, కారుని లోపల పెట్టారు. మమ్మల్ని బయట పెట్టారు.

ఒడ్డుకి లాగిన పడవ నీడలో కూర్చుని చదువుకోమన్నారు. పలక మీద సుద్దతో రాసిన అక్షరం మీద ఇసక పడేది. చేత్తో తుడిస్తే అక్షరం కూడా పోయేది. పంతులమ్మ చెప్పేది సగం అలల్లోనే కలిసిపోయేది. వలలు బాగుచేసుకునే మగాళ్ళకి మేం మంచి కాలక్షేపం.

"ఏటే, కలెక్టరమ్మలు ఇసకలో కూకున్నారు? ఆపీసు ఏదీ?" అని మా అన్నే అడిగేవాడు.

"ఆపీసులో దొర తొంగున్నాడు. లేపకు," అనేది మా వదిన.

నవ్వేవాళ్ళం గానీ, ఒక్కొక్కరే రావడం మానేశారు. ఇసకలో నలుగురూ నవ్వుతుంటే కూర్చోవడం కంటే రొయ్యలు ఒలిచే షెడ్డుకి పోతే కూలైనా వస్తుంది కదా. నాకు భయం పట్టుకుంది. ఈ వయసులో ఒకసారి పలక కింద పెడితే మళ్ళీ ఎత్తనని నాకు తెలుసు. కూడబలుక్కుని చదవడం అప్పుడప్పుడే వస్తోంది. అది నా చేతిలోంచి జారిపోతుంటే, నా చాప పరిచే చోట నాలుగు చక్రాలు చల్లగా నిద్రపోతున్నాయి.

కొన్నాళ్ళకి ఆయన చూడ్డానికి వచ్చాడు. కొనేవాళ్ళెవరూ వెంట లేరు. కారు ముందు కమ్మీ మీద తుప్పు మచ్చలు చూసి మా మీద విరుచుకుపడ్డాడు. "మీ పడవల్ని ఎలా చూసుకుంటారు? దీన్నీ అలాగే చూసుకోండి. మీ సొంతమే కదా," అన్నాడు.

సరే, అలాగే చూసుకున్నాం. వేట లేని రోజుల్లో మేం పడవల్ని ఒడ్డుకి లాగి సొర నూనె పట్టిస్తాం. సొర చేప కార్జం కాచి తీసిన నూనె. అది పీల్చుకున్న చెక్క ఉప్పునీటికి పుచ్చదు. ఆ సంవత్సరం పడవలకి కాచినప్పుడు ఒక కుండ కారుకి కూడా కాచాం. ఆడవాళ్ళమే గుడ్డలు ముంచి ముక్కు నుంచి తోక దాకా రుద్దాం. చక్రాలకి రాశాం. మూత ఎత్తి ఇంజనుకి పోశాం.

"సీట్లకి కూడానా వదినా?"

"తోలు గాదేటి? ఎలాగెండిపోనాదో సూడు. తాగనీ."

తోలు తాగింది. కుండ ఖాళీ అయ్యేదాకా తాగించి, షట్టరు దించేశాం. ఎగతాళికి చేసిన పని కాదు. పడవకి అంతకంటే బాగా ఎవరూ చెయ్యరు.

ఎండాకాలం నడిమధ్యలో ఆయన నిజంగానే ఇద్దర్ని జీపులో వెంటబెట్టుకుని వచ్చాడు. తెల్ల ప్యాంట్లు, నల్ల కళ్ళద్దాలు. షట్టరు ఎత్తారు. రేకుల కింద అన్ని రోజులు ఉడికిన నూనె ఒక్కసారిగా బయటికి వచ్చింది. మాకది రోజూ పీల్చే గాలే. వచ్చినవాళ్ళలో ఒకాయన అటు నుంచి అటే జీపెక్కి కూర్చున్నాడు. రెండో ఆయన వేలితో సీటు నొక్కితే తోలు ముక్క వేలికే అంటుకుని వచ్చింది. ఎర్ర రంగు పొక్కులు తేలి ఊడుతోంది.

"ఎవరు చేశారిది?" అన్నాడు దానకర్ణుడు.

"మీరే గదా బాబూ పడవనాగ సూసుకోమన్నారు," అంది మా వదిన. "మా పడవలకీ ఇదే ఎడతాం. ఒక్కటీ సెడిపోనేదు."

"ఇది పడవా?"

"మరేటో నాకు తెలీదు. నడవగా మాం సూణ్ణేదు."

జీపులో ఉన్నాయన ముక్కుకి రుమాలు పెట్టుకునే నవ్వాడు. అది ఈయనకి నూనె కంటే ఎక్కువ మండింది. అలగా జనానికి దానం చెయ్యడం తన బుద్ధి తక్కువ అని మేడంతో చెప్పి, రెండో రోజే లారీ పంపించి కారుని తీసుకుపోయాడు. ఇచ్చిన దానాన్ని వెనక్కి పట్టుకుపోవడం ఏ తక్కువో ఆయన చెప్పలేదు. పెద్దమనిషి నొచ్చుకున్నాడు, అందరూ వెళ్ళి క్షమాపణ చెప్పి రండి అని మేడం అంది.

"బడి టైమైపోనాదమ్మా," అంది మా వదిన.

ఇసక పోసి నేల రుద్దాం, నీళ్ళు కొట్టాం, చాపలు పరిచాం. పంతులమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఆగిపోయిన ఒత్తు దగ్గర మొదలుపెట్టింది. గది సగం ఖాళీగా ఉంది. మా అందరికంటే బాగా చదివే పిల్ల, మా పక్కింటి చిన్న కోడలు, అప్పటికే రొయ్యల షెడ్డులో కుదిరిపోయింది. బడి మళ్ళీ గదిలోకి వచ్చిందని చెప్పడానికి వెళ్ళాను. ఐసు నీళ్ళలో నాని తెల్లబడ్డ వేళ్ళతో రొయ్యలు ఒలుస్తూనే విన్నది. "ఇంకేటొత్తాను పిన్నీ, నువ్వు సదువుకో," అంది.