సీలు తీయని వారాలు

వీధిలో అందరూ అతన్ని మారుబేరం అంటారు. అసలు పేరు కరెంటు బిల్లుకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. అతనిది పాత సామాన్ల కొట్టు. బీరువాలు, మంచాలు, డ్రెస్సింగ్ టేబుళ్ళు, ఇల్లు మారేవాళ్ళు వదిలించుకునే ఫ్రిజ్‌లు అక్కడ దొరుకుతాయి. ఒకరికి అడ్డమైనది ఇంకొకరికి అవసరం కావడం మీద నడిచే వ్యాపారం అది, అందులో అతనికి మంచి పేరుంది. బీరువా అమ్ముతామని ఎవరైనా పిలిస్తే ముందు దాని మొహం చూడడు, గోడవైపున్న వీపు చూస్తాడు. "ముందువైపు అందరూ రంగేస్తారు. వెనకవైపు ఎవడూ అబద్ధమాడడు" అంటాడు. చెక్కని వేలి కణుపుతో తట్టి వింటాడు. సొరుగు లాగి వాసన చూస్తాడు. మరమేకు తల మీద గీతలు చూసి దాన్ని ఎన్నిసార్లు విప్పి బిగించారో చెప్పేస్తాడు.

అన్నిటికంటే అతను గౌరవించేది డబ్బా విప్పని సరుకు. ఎవరో బహుమతిగా ఇచ్చిన మిక్సీ, అటక మీద పదేళ్ళున్నా సరే, టేపు చెక్కుచెదరకుండా ఉంటే కొత్తదాని ధరకి కాస్త తక్కువగా పోతుంది. అదే మిక్సీలో ఒక్కసారి చట్నీ రుబ్బితే సగం. "సీలు తీసిన చేతికే నష్టం" అన్నది అతని మొదటి పాఠం, చివరి పాఠం కూడా.

ఇంట్లోనూ అదే పద్ధతి. ఇల్లు కొట్టుకి రెండో గోడౌన్. భార్య పని నుంచి వచ్చి కూరగాయల సంచి పెట్టబోతే భోజనాల బల్ల ఉండేది కాదు.

"బల్లేదండీ?"

"మంచి బేరం వచ్చింది. రేపు ఇంకోటొస్తుందిలే."

"ఈ పూటకి?"

"కింద కూర్చుంటే నడుముకి మంచిదట."

ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేది. ఆవిరి గదిలో రోజంతా నిలబడి దుప్పట్లు మడవడం పని. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో కొస పట్టుకుని, లాగి, దగ్గరికొచ్చి మడిచి, మళ్ళీ వెనక్కి. ఇంటికొచ్చాక వంట, గిన్నెలు. ఇలాంటివాళ్ళ గురించి రాసేటప్పుడు భూదేవంత ఓర్పు అనడం ఆనవాయితీ. అది ఓర్పు కాదు. పొద్దున్నే డ్యూటీ ఉన్న మనిషికి పోట్లాడే తీరిక ఉండదు. ఆ తీరిక లేకపోవడానికే మనం ఓర్పని పేరు పెట్టుకున్నాం.

ఒకసారి ఏదో షాపులో లక్కీడిప్ చీటీ నింపితే హోటల్లో ఉచిత భోజనానికి రమ్మని ఫోనొచ్చింది. ఉచితం అంటే సరుకులో ఎక్కడో బొక్క ఉందని మారుబేరానికి తెలుసు. అయినా భోజనం కదా అని ఇద్దరూ వెళ్ళారు. చల్లటి హాల్లో టేబుల్‌కొకరు చొప్పున టై కట్టుకున్న కుర్రాళ్ళు కూర్చున్నారు. వీళ్ళకి దొరికిన కుర్రాడు ఒక రంగుల పుస్తకం తెరిచి పెట్టాడు. సముద్రం ఒడ్డున గది. మొత్తం గది కొనుక్కోనక్కర్లేదు, ఏడాదిలో ఒక్క వారం కొనుక్కుంటే చాలు. ఏటా ఆ వారం ఆ గది మీదే, పాతికేళ్ళ పాటు.

ఆవిడ ఫొటో వైపు చాలాసేపు చూసి అడిగింది.

"అక్కడ వంట?"

"వంటవాళ్ళుంటారు మేడం."

"గిన్నెలు?"

"వాళ్ళే కడుగుతారు మేడం."

"దుప్పట్లు?"

"రోజూ మారుస్తారు మేడం."

"మార్చినవి ఎవరు మడుస్తారు?"

ఈ ప్రశ్నకి ఆ కుర్రాడికి తర్ఫీదు ఇచ్చినట్టు లేదు. "మీరు మాత్రం కాదు మేడం" అన్నాడు. ఆవిడ నవ్వింది. భర్త వైపు తిరిగి, "ఒక్క వారం నేను ఎవరికీ ఏదీ అందించకుండా కూర్చోవాలండీ. నాకు వేరే ఏమీ వద్దు" అంది. పెళ్ళయ్యాక ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మారుబేరం అడిగిందీ ఒక్కటే. "తిరిగి అమ్ముకోవచ్చా?"

"నిక్షేపంగా అంకుల్. మీ ఆస్తి మీ ఇష్టం. రేటు ఏటా పెరగడమే గానీ తగ్గడం ఉండదు."

అతను అలవాటు కొద్దీ పుస్తకాన్ని వెనక్కి తిప్పి చూశాడు. వెనక అచ్చాఫీసు చిరునామా ఉంది. తట్టడానికి చెక్క లేదు, వాసన చూడడానికి సొరుగు లేదు. వీపు లేని సరుకు అతను కొనడం అదే మొదలు. కొట్టులో సరుకంతా అమ్మితే ఎంతొస్తుందో దాదాపు అంతకి సంతకం పెట్టి వచ్చాడు. అది కాక ఏటా నిర్వహణ ఖర్చని ఒకటి కట్టాలి. అది అతనికి వింతగా అనిపించలేదు. సరుకన్నాక గోడౌన్ అద్దె ఉంటుంది.

ఈ కథ విన్నవాళ్ళు ఇక్కడే దురాశ దుఃఖానికి చేటు అని తేల్చేస్తారు. సామెతలతో వచ్చిన చిక్కే అది, సంగతి తెలియకముందే తీర్పు చెప్పేస్తాయి. అతనిది ఆశ కాదు, జాగ్రత్త. ఆశపోతయితే మొదటి ఏడాదే పెట్టె సర్దుకుని వెళ్ళి సముద్రంలో దూకి ఉండేవాడు.

మొదటి ఏడాది ఆవిడ లాండ్రీ మేస్త్రీని బతిమాలి సెలవు అడిగి వచ్చింది. ఆ సాయంత్రం అతను తల అడ్డంగా ఊపాడు.

"ఈసారికొద్దు."

"ఏం?"

"వెళ్తే వాడినట్టు వాళ్ళ దగ్గర రాసుంటుంది. రేపు కొనేవాడు అడుగుతాడు, ఇది వాడిందా, కొత్తదా అని."

"అదేమన్నా మిక్సీనా?"

"ఏదైనా అంతే. సీలు తీస్తే సగం."

"వాడకపోతే ఆ వారం పోతుందని కాగితంలో ఉందిగా. మీరే చదివి వినిపించారు."

"ఒక్క వారం పోతే పోతుంది. మిగతావి కొత్తగా ఉంటాయి కదా."

ఆవిడ మర్నాడు సెలవు వెనక్కిచ్చేసింది. మేస్త్రీ ఏమైందని అడిగితే, "సముద్రానికి సీలు వేశారు" అని చెప్పిందట. లాండ్రీలో నెల రోజులు అదే నవ్వు.

కొట్టు పక్కన తాళాలు బాగుచేసే అతనికి ఈ సంగతి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవాళ్ళు.

"ఏం బావా, నీ సముద్రం ఇంకా ప్యాకింగులోనే ఉందా?"

"నవ్వు బావా, నవ్వు. అమ్మిన రోజు చెప్తా."

"ఉప్పునీళ్ళు కదా, లోపల తుప్పు పట్టిందేమో చూసుకో."

రెండో ఏడు ఆవిడ మళ్ళీ అడిగింది. మూడో ఏడు అడిగీ అడగనట్టు అడిగింది. ఆ తర్వాత మానేసింది. ఆవిడకి వ్యాపారం అర్థమైందని అతను సంతోషించాడు. అడగడం మానేస్తే ఒప్పుకున్నట్టు జమ వేసుకోవడం మొగుళ్ళందరికీ తెలిసిన విద్యే. ఏటా గోడౌన్ అద్దె కడుతూ పోయాడు, అది ఏటా కొంచెం పెరుగుతూ పోయింది. ఏటా ఒక వారం, ఎవరూ చూడకుండా, సముద్రం ఒడ్డున ఒక ఖాళీ గదిలో గడిచిపోయింది.

అతని వ్యాపారంలో ఇంకో సూత్రం ఉంది. గోడౌన్ అద్దె సరుకు మీద వచ్చే లాభాన్ని తినేసేలా ఉంటే ఆ రోజే అమ్మెయ్యాలి. ఆవిడ జడలో నలుపు కంటే తెలుపు ఎక్కువైన ఏడాది, నిర్వహణ ఖర్చు చీటీ చూసి అమ్మకానికి వేళయిందనుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆ వారం అమ్మిన కంపెనీ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడ ఇంకో టై కుర్రాడు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.

"మేం అమ్ముతాం సార్, కొనం. బయట ఎవరికైనా అమ్ముకోండి."

బయట అంటే ఒక జిరాక్స్ షాపు పై అంతస్తులో చిన్న గది. అలాంటి వారాలు అమ్మిపెట్టే బ్రోకరమ్మ ఉంటుంది. ఆవిడ ముందు ఒక ఫ్యాను, రెండు ఫోన్లు. కాగితాలు చూడకుండానే పక్కన పెట్టేసింది.

"మీ దగ్గర ఫీజు తీసుకుని ఏడాదంతా తిప్పగలనండీ. కానీ ముందే చెప్పేస్తున్నా, ఇవి కదలవు."

"ధర తగ్గించి ఇస్తా."

"ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు లేరు. తీసుకున్నవాడి మెడకి ఏటా కట్టే ఖర్చు చుట్టుకుంటుంది కదా. పైగా కంపెనీవాళ్ళు కొత్తవాటి మీద సూట్‌కేసు ఉచితమంటున్నారు. మీరేమిస్తారు?"

అప్పుడు మారుబేరం ముందుకి వంగాడు. ఇన్నేళ్ళూ దాచుకున్న మాట బయటికి తీశాడు.

"మాది ఒక్కసారి కూడా వాడలేదమ్మా. కావాలంటే వాళ్ళ రికార్డు చూడండి. కొన్నది కొన్నట్టే ఉంది."

బ్రోకరమ్మ మొదటిసారి అతన్ని పరీక్షగా చూసింది. "ఒక్కసారి కూడానా?"

"ఒక్కసారి కూడా."

"ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

"బాగానే ఉన్నారు."

"మరెందుకు వెళ్ళలేదండీ?"

అతను చెప్పబోయాడు. సీలు అనే మాట నోటిదాకా వచ్చి, ఆ గదిలో, ఆ ఫ్యాను కింద, మొదటిసారి అతనికే వినడానికి బాగోలేక ఆగిపోయింది. బ్రోకరమ్మ గొంతు తగ్గించింది.

"పోయిన ఏడాది వారం ఈ ఏడాది ఎవరు కొంటారండీ? ఇది బీరువా కాదు కదా, పాలు. తాగినవాళ్ళు తాగినట్టు."

అతని దగ్గర ఆవిడ ఫీజు తీసుకోలేదు. అది అతనికి ఇంకా కష్టంగా అనిపించింది.

ఇంటికొచ్చేసరికి భార్య గిన్నెలు కడుగుతోంది. అతను గుమ్మంలోనే నిలబడి అన్నాడు.

"ఈ ఏడు వెళ్దాం. ఇద్దరం."

"ఎక్కడికి?"

ఆ ప్రశ్న వేళాకోళం కాదు. ఆవిడకి నిజంగానే వెంటనే తట్టలేదు. చెప్పాక, చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"అమ్ముడుపోలేదా?"

"పోలేదు."

"నాకిప్పుడు వెళ్ళాలని లేదండీ."

"కోపంతో అంటున్నావు."

"కోపమైతే బాగుండును. ఆ రోజుల్లో కళ్ళు మూసుకుంటే ఆ గది కనిపించేది. దుప్పటి మడుస్తూ కూడా అదే. ఇప్పుడేమీ కనిపించడం లేదు, నేనేం చెయ్యను? మీరు వెళ్ళి రండి. డబ్బు ఎలాగూ కట్టారుగా."

అతను బతిమాలాడు. బతిమాలడంలో కూడా బేరగాడే. పోనీ నాలుగు రోజులు, పోనీ రెండు అంటూ దిగుతూ వచ్చాడు. ఆవిడ మెత్తగానే, కదలకుండా ఉండిపోయింది. చివరికి ఒక్కడే రైలెక్కాడు.

గది ఫొటోలో ఉన్నట్టే ఉంది. అదే అతన్ని దెబ్బతీసింది. గోడలు పెచ్చులూడుతూ, కుళాయి కారుతూ ఉండి ఉంటే మోసపోయానని నలుగురికీ చెప్పుకునేవాడు, ఆవిడకీ చెప్పేవాడు. అలా లేదు. వంటవాళ్ళున్నారు. గిన్నెలు వాళ్ళే కడుగుతున్నారు. పొద్దున్నే ఒకమ్మాయి వచ్చి, చెయ్యి తగలని దుప్పటిని కూడా మార్చి వెళ్ళింది. ఆనాడు వారం అమ్మిన టై కుర్రాడు అబద్ధమాడింది ఒక్కచోటే, ఇతను అడిగిన ప్రశ్నకి. ఆవిడ అడిగినవాటన్నిటికీ నిజమే చెప్పాడు.

బాల్కనీలో రెండు కుర్చీలు, బల్ల మీద రెండు కప్పులు, స్నానాల గదిలో రెండు తువ్వాళ్ళు. ఎదురుగా నీళ్ళు, పొద్దున ఒక రంగు, సాయంత్రానికి ఇంకో రంగు. ఫోన్ చేసి ఆవిడకి చెబుదామనుకున్నాడు. పాత బీరువా గురించి అరగంట మాట్లాడగల మనిషి.

"ఎలా ఉంది?" అంది ఆవిడ.

"బాగుంది."

"ఎంత బాగుంది?"

"పెద్దగా ఉంది."

ఫోన్లో ఆవిడ వెనక ఎవరో పక్కున నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. "సరే, చూడండి మరి" అని పెట్టేసింది.

వారం సగం కాకుండానే అతను తిరిగి రైలెక్కాడు. ఆవిడ దగ్గర కూర్చుని ఏదో ఒకటి చెప్పాలనిపించింది. తప్పయిందని చెప్పడానికి ఎన్ని రకాలున్నాయో రైల్లో అన్నీ అనుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం ఇంటికి చేరేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆ వేళప్పుడు ఆవిడ లాండ్రీలో ఉండాలి. నెమ్మదిగా తోశాడు.

ఆవిడ హాల్లో మంచం మీద, కాళ్ళ కింద దిండు పెట్టుకుని పడుకుని ఉంది. పక్కింటి టైలరమ్మ కుర్చీలో కూర్చుని వారపత్రికలోంచి ఏదో పైకి చదువుతోంది. బల్ల మీద హోటల్ నుంచి తెప్పించిన పొట్లాలు, తిని వదిలేసిన కాగితాలు. పొయ్యి శుభ్రంగా, వెలిగించిన ఆనవాలు లేకుండా ఉంది. ఇద్దరూ దేనికో నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆవిడ మొహం అలా ఉండగా అతను ఎప్పుడు చూశాడో గుర్తు రాలేదు.

అతన్ని చూసి టైలరమ్మ చదవడం ఆపింది.

"అన్నయ్యగారు ఆదివారానికి గానీ రారని సెలవు పెట్టింది అక్క" అంది, తప్పు తనదే అన్నట్టు. పత్రిక మడిచి లేచింది. "వస్తానక్కా."

"ఉండమ్మా, ఉండు" అన్నాడు అతను. "నేను అలా కొట్టుదాకా వెళ్ళొస్తా. మీరు చదువుకోండి."

"ఇప్పుడే రైలు దిగి కొట్టేమిటి?" అంది ఆవిడ. అప్పటికే కాళ్ళు కిందికి దించింది. ఒక చేత్తో జుట్టు ముడేసుకుంటూ రెండో చేత్తో పొట్లాల కాగితాలు పోగు చేస్తోంది.

"నువ్వు లేవకు. నాకేమీ అక్కర్లేదు."

"తిన్నారా?"

అతను తిన్నాననే చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.