గడప పడింది

కంపెనీలో ఆయన్ని అంగుళం అనేవారు. ఎదురుగా ఉంటే అంగుళం గారు, లేకపోతే అంగుళం, అంతే తేడా. చేసే పని లిఫ్టు మెకానిక్కు. ఏ లిఫ్టు ఎక్కినా దిగేముందు వంగి, లిఫ్టు నేలకీ బయటి నేలకీ మధ్య ఎత్తు తేడా ఎంతుందో వేలితో తడిమి చూడడం ఆయనకు ఇరవై ఆరేళ్ళ అలవాటు. చుట్టాలింటికి వెళ్ళినా మానేవాడు కాదు. భార్య సంచులు పట్టుకుని పక్కన నిలబడి, లిఫ్టుకి దండం పెట్టుకోవడం అయితే ఇక పదండి అనేది.

లిఫ్టు కాస్త కిందగా ఆగితే, దిగేవాళ్ళు ఇంటి గడప దాటినట్టు కాలెత్తి దాటాలి. అందుకని ఆయన దానికి 'గడప పడడం' అని పేరు పెట్టాడు. ఫలానా బిల్డింగులో గడప పడిందంటే, అక్కడ బ్రేకు పట్టు జారుతోంది, లైనింగు అరిగిందేమో చూసుకోండి అని అర్థం. ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు. కానీ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళూ, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళూ అలాగే అనేవారు. తాను పుట్టించిన మాట నలుగురి నోళ్ళలో నలుగుతుంటే ఆయనకు లోలోపల గర్వంగానే ఉండేది. పైకి మాత్రం, ఏదో నోటికొచ్చింది అన్నాను అనేవాడు.

ఆయనకు జోడీ ఇంకో మెకానిక్కు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. అతను చేరిన కొత్తలో ఒకరు తాడు పట్టుకుంటే ఒకరు స్పానరు పట్టుకుని, మూడో రోజుకల్లా బావా అంటే బావా అనుకున్నారు. ఇరవై రెండేళ్ళయినా ఆ పిలుపు తెగలేదు. ఈయన ముభావి, బావ మాటకారి. ఈయన బిగించిన బోల్టును కూడా మూడుసార్లు తడుముతాడు, బావ ఒక్కసారి చూసి వదిలేస్తాడు. అందులోనూ అంగుళం చెయ్యి పడిన చోటైతే ఆ ఒక్కసారి కూడా చూడడు.

రోజూ ఉదయం ఎనిమిదింటికి స్టోరు గదిలో అందరూ చేరడం ఆనవాయితీ. పావుగంట అనుకున్నది ముప్పావుగంట అయ్యేది. సామాను పెట్టెల మీదా, తిరగేసిన బకెట్ల మీదా కూర్చుని, నిన్న ఎవరు ఎక్కడ ఏం చూశారో చెప్పుకునేవారు. సగం పని మాటలు, సగం ఊసుపోక కబుర్లు. స్టోరు గుమాస్తా తన బల్ల దగ్గర తలెత్తకుండానే ఒక చెవి అటు పడేసి, ఎక్కడికి ఏ సామాను కావాలో తనంతట తనే రాసిపెట్టుకునేవాడు.

కొత్త మేనేజరు వచ్చి ఆ సభకు స్వస్తి చెప్పాడు. కోప్పడలేదు. తాళ్ళ పనివాడు తలుపుల గొడవంతా ఎందుకు వినాలని అడిగాడు, అంతే. ఇకనుంచి ఎవరు చూసింది వాళ్ళు ఫోనులో రాయాలి. ఊరికే రాసుకుపోవడం కాదు, గళ్ళు ఉంటాయి: ఏ బిల్డింగు, ఏ అంతస్తు, ఏం చూశారు, ఇంకా ఏం చెయ్యాలి. పైన పదమూడు శీర్షికల్లో ఒకటి ఎంచుకోవాలి. బ్రేకు, తలుపులు, తాళ్ళు, వైరింగు, సివిల్ పని, ఇలా వెళ్ళి చివరిది 'ఇతరములు'. చదివేవాళ్ళు తమకు కావలసిన శీర్షికకో, కావలసిన మనిషి రాతలకో చందాదారులుగా చేరితే, అక్కడ ఏది పడినా వాళ్ళ ఫోను మోగుతుంది. మిగతాది వాళ్ళ చెవిన పడదు. చందా అనగానే బావ లేచి నెలకెంత అని అడిగాడు. మేనేజరు కూడా నవ్వాడు.

నిజం చెప్పుకోవాలంటే ఏర్పాటు మంచిదే. ఉదయం ఇంటినుంచి నేరుగా పనికి వెళ్ళిపోవచ్చు. ఏ లిఫ్టు జాతకం కావాలన్నా వేలు కదిపితే కళ్ళముందుంటుంది. ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు కూడా చక్కగా రాయడం మొదలుపెట్టారు. ఆరు నెలలు తిరిగేసరికి దానికి అలవాటు పడనివాడు అంగుళం ఒక్కడే మిగిలాడు.

ఆయనకు రెండు పేచీలు. మొదటిది శీర్షిక. రోగమేమిటో తేలకుండా పేరెలా పెడతాం అని ప్రతి రాతనూ 'ఇతరములు' కిందే పడేసేవాడు. రోగం తేలాక కూడా అక్కడే పడేసేవాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. రెండోది చదవడం. ఆయన ఏ శీర్షికకూ, ఏ మనిషికీ చందాదారు కాలేదు. రాయమన్నారు, రాస్తున్నాను, చదువుకోవడం చదివేవాళ్ళ పని అనేవాడు. భార్యది ఒక ఆస్పత్రిలో ఫోను ఎత్తే ఉద్యోగం. చెప్పిన మాటను అవతలివాళ్ళు తిరిగి అప్పజెప్పేదాకా తాను ఫోను పెట్టనని ఆమె అంటే, సాయంత్రానికి నీ గొంతు పోయేది అందుకేనని ఈయన అన్నాడు.

'ఇతరములు' కింద పడినవాటిని రోజూ సాయంత్రం చదివి, తగిన శీర్షిక కిందకు మార్చడం ఆఫీసులో ఒకామె పని. మెకానిక్కులు ఆమెను కంప్యూటరమ్మ అనేవారు. శ్రద్ధ గల మనిషి. ఆ రోజు పని ఆ రోజే ముగించి గాని కుర్చీ లేచేది కాదు. ఆమెకు చేరేవాటిలో ముప్పాతిక వంతు అంగుళం రాసినవే. లిఫ్టు పని ఆమెకు రాదు, చదవడం మాత్రం వచ్చు.

ఒక సోమవారం అంగుళం పన్నెండంతస్తుల అపార్టుమెంటుకు వెళ్ళాడు. మూడో అంతస్తులో నలుగురితో ఆగిన లిఫ్టు ముప్పావు అంగుళం కిందగా ఉంది. పైన మోటారు గదికి వెళ్ళి బ్రేకు విప్పి చూస్తే, లైనింగు అరిగి గోరంత మందం కూడా మిగల్లేదు. స్ప్రింగు బిగించాడు. తేడా పావు అంగుళానికి తగ్గింది. లిఫ్టు ఆపేద్దామా అనుకున్నాడు. ఎనిమిదో అంతస్తులో చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు, పదో అంతస్తులో నెలలు నిండిన మనిషి ఉంది. వారం వరకూ భయం లేదు, వారం దాటితే ఈ బ్రేకును నమ్మకూడదు అని తేల్చుకున్నాడు. కొత్త లైనింగు స్టోరు నుంచి రావాలి. మెట్ల మీద కూర్చుని ఫోను తీసి రాశాడు: 'మూడో అంతస్తులో గడప పడింది. వారంలోగా చెయ్యాలి.' తెలిసినవాడికి ఆ మాట చాలు, తెలియనివాడికి ఎంత రాసినా దండగ అని ఆయన లెక్క. శీర్షిక ఇతరములు.

మర్నాటి నుంచి పదిరోజులపాటు ఆయన్ని ఊరి అవతలి కొసన కొత్త లిఫ్టు బిగించే పనికి వేశారు. రాశాను కదా, ఎవరో ఒకరు లైనింగు మారుస్తారని నిశ్చింతగా వెళ్ళాడు.

ఆ సోమవారం సాయంత్రమే కంప్యూటరమ్మ ఆయన రాత చదివింది. మూడో అంతస్తులో ఎవరింటి గడపో ఊడి పడిపోయిందని ఆమెకు అర్థమైంది. లిఫ్టు సంగతి తెలియని ఎవరికైనా అలాగే అర్థమవుతుంది. పాపం ఎవరికైనా కాలికి తగులుతుందేమోనని, సివిల్ పని కిందకు మార్చి పక్కన 'అత్యవసరం' అని కూడా పెట్టింది. సివిల్ పనికి ఉన్న చందాదారు ఒక్కడే, తాపీ మేస్త్రి. బుధవారం అతను సిమెంటు సంచితో వెళ్ళి మూడో అంతస్తులో నాలుగిళ్ళ గడపలూ కాలితో తన్ని చూశాడు. ఒక్కటీ కదల్లేదు. చివరి ఇంటి ముందు టైలు అంచు కాస్త లేచి ఉంది. వచ్చినందుకు దాన్ని అతికించి, ఫొటో తీసి, 'పూర్తయింది' అని నొక్కాడు. అంగుళం రాత కింద ఆ మాట పచ్చగా వెలిగింది. స్టోరు గుమాస్తా చందాదారుగా ఉన్నది బ్రేకులకు. అతని ఫోను మోగనే లేదు.

ఎనిమిదో రోజున అదే బిల్డింగులో ఆరో అంతస్తు తలుపు సరిగా మూసుకోవడం లేదని ఫిర్యాదు వచ్చింది. బావను పంపారు. లిఫ్టు లోపలి మనుషుల్ని దింపేసి, బావ దాని పైకప్పు మీద నిలబడి, అక్కడున్న ఆపే స్విచ్చి నొక్కి, కుడిచేత్తో బయటి తలుపు పట్టా సరిచేస్తున్నాడు. బ్రేకు జారే లిఫ్టు మనుషులతో ఉంటే కిందికి దిగుతుంది. ఖాళీగా ఉంటే అవతల వేలాడే దిమ్మల బరువుకు పైకి లేస్తుంది. లేచింది. జానెడు, అంతే. ఆ జానెడులోనే చెయ్యి ఇరుక్కుంది. చూపుడు వేలూ, మధ్య వేలూ ఆస్పత్రిలో తీసేశారు.

కబురు వచ్చేటప్పటికి అంగుళం కొత్త లిఫ్టు గుంటలో ఉన్నాడు. ఏ బిల్డింగు అని మాత్రమే అడిగాడు. చెప్పగానే భయం వేసింది. లైనింగు మారలేదని ఆ క్షణంలోనే ఆయనకు తెలిసిపోయింది.

విచారణ మూడు రోజులు సాగింది. ఆ మూడు రోజులూ ఆఫీసులో అందరూ గుమ్మడికాయల దొంగలే, ఎవరి భుజాలు వాళ్ళు తడుముకున్నారు. కంప్యూటరమ్మ ఏడ్చింది. తాపీ మేస్త్రి టైలు ఫొటో చూపించి, నన్ను పిలిచింది గడపకి, నేను చూసింది గడప అన్నాడు. మేనేజరు తేదీలూ గంటలూ తీసి కాగితం అచ్చువేశాడు. మెకానిక్కు లోపం చూశాడు, చూసిన గంటలోపే రాశాడు, గడువు కూడా చెప్పాడు. 'ఇతరములు' అనే శీర్షిక పెట్టింది కంపెనీయే కాబట్టి దాన్ని వాడడం నేరం కాదు. కాగితం ప్రకారం ఆయన తప్పేమీ లేదు. దాని నకలు ఒకటి ఆయన చేతిలో పెట్టి, మనసు పాడుచేసుకోకండి అన్నాడు మేనేజరు.

ఇంట్లో భార్య దాన్ని పూర్తిగా చదివింది. చదివి మడిచి, "దీన్ని అన్నయ్యకు చూపించగలరా?" అంది. బావను ఆమె మొదటినుంచీ అన్నయ్య అనే పిలుస్తుంది.

మర్నాడు కాగితం జేబులో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాడు. బావ కిటికీ పక్క మంచంలో, కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. అంగుళం స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఈయనే మొదలుపెట్టాడు. ఆ లిఫ్టుకు గడప పడిందని తాను సోమవారమే రాశాననీ, అది ఒక్కరికీ చేరలేదనీ చెప్పాడు.

"నాకు చేరింది బావా," అన్నాడు అతను.

అంగుళానికి అర్థం కాలేదు.

"నేను చందా చేరింది నీ ఒక్కడికే. మిగతా గోల నాకెందుకు? నువ్వు గడప అని రాసిన రోజే చూశాను. తలుపు పనికి వెళ్ళిన రోజు పైకెక్కబోయే ముందు మళ్ళీ తీసి చూశాను. కింద పూర్తయింది అని ఉంది. నువ్వే చేసుంటావు అనుకున్నా. నువ్వు చేసిన బ్రేకు నేనెప్పుడైనా మళ్ళీ చూశానా?"

నిష్ఠూరంగా అనలేదు. దారి అడిగినవాడికి చెప్పినట్టు చెప్పాడు. జేబులో కాగితం జేబులోనే ఉండిపోయింది. ఆ మాట అర్థం తెలిసిన మనిషికి అది చేరింది. చేరబట్టే అతను ధైర్యంగా పైకెక్కాడు. ఆ పచ్చటి మాట అబద్ధమని పసిగట్టగలవాడు లోకంలో తానొక్కడే. ఆ ఎనిమిది రోజుల్లో ఒక్కసారి తెరిచి చూసుకున్నా సరిపోయేది. అంగుళానికి ఏడుపొచ్చింది, ఏడ్చాడు. పక్క మంచం మీది రోగి అటు తిరిగి పడుకున్నాడు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని తన ఫోను తీశాడు. బిల్డింగు గడి నింపాడు, అంతస్తు గడి నింపాడు. శీర్షికల దగ్గర కాస్త తడబడి, 'బ్రేకు' ఎంచుకున్నాడు. ఏం చూశారు అన్న గడిలో ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ రాశాడు: 'బ్రేకు లైనింగు అరిగిందని రాయకుండా గడప పడింది అని రాశాను. రాసి మళ్ళీ చూసుకోలేదు. దానివల్ల మా బావ రెండు వేళ్ళు పోయాయి. తప్పు నాది.' ఇంకా ఏం చెయ్యాలి అన్న గడి ఖాళీగా వదిలేసి పంపాడు.

మంచం పక్క బల్ల మీద బావ ఫోను మోగింది. అతను ఎడమచేత్తో దాన్ని అందుకుని చదివాడు. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"సరే గానీ బావా," అన్నాడు, "దీనికింద పూర్తయింది అని మాత్రం ఎవరినీ నొక్కనివ్వకు."